పని వెతుక్కునే వ్యవధి

నిరుద్యోగ భృతి మాట ఎత్తగానే వినిపించే అభ్యంతరం ఒకటే: "ఊరికే డబ్బులిస్తే పని ఎవరు వెతుక్కుంటారు?" ఈ ప్రశ్న వేసేవారు కోనసీమ స్త్రీలకు పని ఎలా దొరుకుతోందో చూసి మాట్లాడాలి.

2011 ఖరీఫ్‌లో సాగు గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం పాటించారు. రైతుల కష్టాలు పరిశీలించడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ఊడ్పులు, కలుపులు, కోతలు ఒక్కసారిగా పోయిన కూలి స్త్రీ మాత్రం నిరుద్యోగుల లెక్కలోకి రాలేదు.

చేతిలో పైసా లేని స్త్రీ పని వెతుక్కోదు, దొరికినదాన్ని పట్టుకుంటుంది. తక్కువ కూలికైనా రొయ్యల షెడ్డుకు పోతుంది. అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టి కువైట్‌లో ఇంటిపనికి విమానం ఎక్కుతుంది. జీతమెంత, పనిగంటలెన్ని, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది అని విచారించుకునే వ్యవధి ఆమెకు లేదు. భృతి ఇచ్చేది ఆ వ్యవధినే.

భృతి ఎక్కువ కాలం ఇస్తే కొందరు పనిలో చేరడం ఆలస్యమవుతుందని పాశ్చాత్య దేశాల అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. కాని 2017, 2018లలో ఫిన్లాండు ప్రభుత్వం 2000 మంది నిరుద్యోగులకు, పని దొరికినా ఆపకుండా, నెలకు 560 యూరోలు ఇచ్చి చూసింది. వారు పని మానలేదు. రెండో ఏడాది మిగతా నిరుద్యోగుల కన్నా సగటున 6 రోజులు ఎక్కువే పనిచేశారు. తేడా చిన్నదే, కాని సోమరితనం వాదన అక్కడ నిలవలేదు.

మన దగ్గర అసలు ప్రశ్న, నిరుద్యోగి ఎవరన్నది. 2018 అక్టోబరు 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం 22–35 ఏళ్ళ డిగ్రీ, డిప్లొమా చదివినవారికే. 2019లో ప్రభుత్వం మారాక అదీ ఆగింది. నెలకు 3000 రూపాయలన్న 2024 ఎన్నికల హామీ కూడా యువత పేరు మీదే వచ్చింది. నలభై ఏళ్ళ కూలి స్త్రీకి వీటిలో చోటేది?

2005 ఉపాధి హామీ చట్టం ఆమెకూ చోటిచ్చింది. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగోవంతు, ఆ తరువాత సగం భృతిగా ఇవ్వాలంది. ఆ సొమ్ము చేతికందింది మాత్రం అరుదు. పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు లేకపోతే హక్కుకు రుజువు లేదు. భృతి భారం రాష్ట్రానిది కనుక రసీదు ఇవ్వడానికి యంత్రాంగానికి ఉత్సాహమూ లేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. చట్టం పేరు ఏదైనా కార్యకర్తలుగా మన పని మారదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ప్రతి స్త్రీ చేత పని కోసం అర్జీ పెట్టిద్దాం. రసీదు పట్టుబట్టి తీసుకుందాం. పదహారో రోజున భృతి అడుగుదాం. బతకడానికి ఏ పనికైనా తలవంచక తప్పని స్థితి పోయినప్పుడే పని హక్కు అనే మాటకు అర్థం.