రాయబారి వెళ్లలేని చోటికి ప్రజాప్రతినిధి

రాయబార కార్యాలయమే లేని చోట దౌత్యం నెరపడమెలా? ఈ చిక్కుముడికి అమెరికా వాడుతున్న ఉపాయాల్లో ముఖ్యమైనది చట్టసభ సభ్యుల పర్యటన. 1979లో చైనాతో సంబంధాలు నెలకొల్పుకున్న అగ్రరాజ్యం తైవాన్‌తో అధికారిక బంధాన్ని తెంచుకుంది. అదే ఏడాది కాంగ్రెస్ ఆమోదించిన తైవాన్ సంబంధాల చట్టం ఆ ద్వీపానికి ఆత్మరక్షణ ఆయుధాలు అందించే వీలు మిగిల్చింది. నాటి నుంచి రాయబారి లేని లోటును సెనేటర్లు, ప్రతినిధుల సభ సభ్యులు కొంతవరకు తీరుస్తున్నారు.

ఇందులోని కిటుకు అధికారాల విభజనలో ఉంది. చట్టసభ స్వతంత్ర వ్యవస్థ కనుక దాని సభ్యుల ప్రయాణాన్ని తాము ఆపలేమని శ్వేతసౌధం చెప్పగలదు. ద్వీపానికి భరోసా దక్కుతుంది, విధానం మారలేదన్న మాటా నిలుస్తుంది. బీజింగ్ ఈ వాదనను అంగీకరించదు. అయినా 1997లో అప్పటి స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ తైపీ వెళ్లినప్పుడు మాటలతోనే సరిపెట్టింది.

పాతికేళ్లలో పరిస్థితి తలకిందులైంది. 2022 ఆగస్టు 2 రాత్రి స్పీకర్ నాన్సీ పెలోసీ తైపీలో దిగారు. మర్నాడు అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్-వెన్‌ను కలిసి, సాయంత్రానికి తిరుగుముఖం పట్టారు. ఒక రోజైనా నిండని ఆ పర్యటనకు బదులుగా చైనా 4వ తేదీ నుంచి ద్వీపం చుట్టూ భారీ సైనిక విన్యాసాలు జరిపింది. క్షిపణులు ప్రయోగించింది. వాటిలో ఐదు తమ ప్రత్యేక ఆర్థిక మండలంలో పడ్డాయని జపాన్ ప్రకటించింది. జలసంధి మధ్యరేఖను చైనా యుద్ధవిమానాలు దాటడం అప్పటి నుంచి పరిపాటిగా మారింది. అతిథికి దక్కినవి చప్పట్లు. మూల్యం చెల్లించింది ఆతిథ్యమిచ్చిన ద్వీపం.

2023 ఏప్రిల్‌లో కొంత జాగ్రత్త కనిపించింది. స్పీకర్ కెవిన్ మెకార్తీ తైపీ వెళ్లకుండా త్సాయ్‌ను కాలిఫోర్నియాలో కలిశారు. అయినా చైనా మూడు రోజుల విన్యాసాలు చేపట్టింది. వేదిక మారినా ఆగ్రహం ఆగలేదు.

భారత్‌దీ కత్తిమీద సామే. తైవాన్‌తో మనకు అధికారిక దౌత్య సంబంధాలు లేవు. 1995లో ఏర్పాటైన ఇండియా-తైపీ సంఘమే వారధి. 2020 మేలో త్సాయ్ రెండో ప్రమాణ స్వీకారం వేళ ఎంపీలు మీనాక్షి లేఖి, రాహుల్ కస్వాన్ దూరం నుంచే అభినందనలు తెలిపితే, ఢిల్లీలోని చైనా రాయబార కార్యాలయం అభ్యంతరం చెప్పింది.

ఇది దూరపు కొండల వ్యవహారమూ కాదు. తడ వద్ద అపాచీ పాదరక్షల కర్మాగారం, శ్రీసిటీలో 2015లో మొదలైన ఫాక్స్‌కాన్ సెల్‌ఫోన్ల తయారీ, రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో అదే సంస్థ పరిశ్రమ తైవాన్ పెట్టుబడుల ఫలితాలే. ప్రపంచానికి అందే అత్యాధునిక చిప్‌లలో సింహభాగం ఆ ద్వీపంలోనే తయారవుతుంది. జలసంధిలో నిప్పు రాజుకుంటే సెగ ఇక్కడి కార్మికుడికీ తగులుతుంది.

అలాగని పర్యటనలన్నీ వృథా అనలేం. బెదిరింపులకు తలొగ్గి ఎవరూ వెళ్లకపోతే ఆ ద్వీపం ఒంటరవుతుంది. అయితే చట్టసభ సభ్యుడి అసలు బలం ఓటులో ఉంది, విమానంలో కాదు. ఇండో-పసిఫిక్ భద్రతకు సుమారు 800 కోట్ల డాలర్లు కేటాయిస్తూ 2024 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టమే అందుకు నిదర్శనం. అతిథి విమానం వెళ్లిపోయాక ద్వీపవాసుల చేతిలో ఏం మిగిలిందన్నదే ఏ పర్యటనకైనా గీటురాయి.