తెరమీది వీధి ఫుట్‌బాల్: కొన్ని గుణదోషాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నుంచి వచ్చి ఈ కళాశాలలో చదువుకొంటున్న మేము కొందరం, గడచిన సెలవులలో ఒక మిత్రుని ఇంట చేరి ఆడిన ఆటను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము. గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చిన అతని అన్నగారు పాత ప్లేస్టేషన్ యంత్రాన్ని, దానితోపాటు 2012లో వెలువడిన ‘ఫిఫా స్ట్రీట్’ ఆటను తెచ్చారు. వీడియో ఆటలన్నీ వట్టి కాలహరణమని కమిటీ పెద్దలలో కొందరి అభిప్రాయమని మేమెరుగుదుము. అది పూర్తిగా తప్పని వాదించలేము. కాని ఆడి చూచినవారి మాట కూడా ఒకటి వినవలసి ఉన్నది.

ఈ పేరుతో మొదటి ఆట 2005లో వచ్చింది. 2006, 2008లలో మరి రెండు వచ్చాయి. మా చేతికి చిక్కినది నాలుగవది. పెద్ద మైదానం, పదకొండుమంది, ఆఫ్‌సైడ్ నియమం ఇందులో లేవు. ఇరుకు స్థలం, నలుగురైదుగురు ఆటగాళ్ళు, చుట్టూ గోడ. బంతిని గోడకు కొట్టి, తిరిగి వచ్చినదాన్ని అందుకొని ముందుకు పోవచ్చు. మా గల్లీలలో చిన్ననాటి నుంచి మేము చేసిన పని ఇదే. దానిని ఎక్కడో దూరదేశంలో కూర్చొన్నవారు శాస్త్రంగా తెరకెక్కించడం చూచి మాకు నవ్వూ వచ్చింది, గర్వమూ కలిగింది.

ఇందులో మమ్ము మిక్కిలి ఆకర్షించినది ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’ అనే పద్ధతి. గోలు వేసిన జట్టు ప్రతిసారీ ఒక ఆటగాణ్ణి వదులుకోవాలి. ఎవరి జట్టు ముందుగా ఖాళీ అవుతుందో వారిదే గెలుపు. గెలుపునకు దగ్గరయ్యేకొద్దీ బలం తగ్గుతుంది. ఓడుతున్నవాడికి చివరిదాకా ఆశ ఉంటుంది. ఇంత న్యాయమైన నియమం మాకు మరే ఆటలోనూ కనబడలేదు.

ఇక దోషాలు. ప్రత్యర్థి కాళ్ళ సందున బంతిని దూర్చడాన్ని ‘పన్నా’ అంటారు. ఒక పద్ధతిలో ఇట్టి గారడీలకే పాయింట్లు. గోలు వేసినప్పుడే ఆ పాయింట్లు లెక్కకు వస్తాయన్న కట్టుబాటు ఉన్నమాట నిజమే. అయినా తోటివాడికి బంతి అందించాలన్న బుద్ధి రెండు రోజులలో మాలో నశించింది. మూడవనాడు ఒకే జట్టులోని ఇద్దరు మిత్రులు దీని మీదనే మాటలు మానుకొన్నారు!

హైదరాబాదు ఫుట్‌బాల్‌కు గురుతుల్యులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఇక్కడ మాకు గుర్తుకు వచ్చారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొంది, 1962 జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణం తెచ్చిన భారత జట్టుకూ ఆయనే శిక్షకులు. ఒకప్పుడు బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయరాదన్న నియమంతో ఆయన కుర్రవాళ్ళకు పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలూ పెట్టేవారు. తెర దేనికి బహుమానమిస్తున్నదో, రహీం సాబ్ దానినే నిషేధించి ఆట నేర్పారు. ఎన్ని గంటలు బొత్తాలు నొక్కినా మన ఎడమకాలు ఏమీ నేర్వదు గదా.

మరొక మాట. మా మిత్రుని చెల్లెలు కొంతసేపు చూచి, “ఇందులో అమ్మాయిలెవరూ లేరేమి?” అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాము. స్త్రీపురుషులు కలిసి ఆడే జట్లు ఇదే కోవలో 2019లో వచ్చిన ‘ఫిఫా 20’లోని ‘వోల్టా’ భాగంలో కనబడతాయి. ఆ ప్రశ్న మన మైదానానికీ వర్తిస్తుంది. దానికి జవాబు మాత్రం మనమే చెప్పాలి.

సెలవుల తరువాత ఒక సాయంత్రం కళాశాల వెనుక గోడ పక్కన, నాలుగు ఇటుకలు గోలుగా పెట్టుకొని, ఆ వదులుకొనే పద్ధతినే నేలమీద ఆడాము. మిగిలిన ఒక్కడు ముగ్గురిని ఎదిరించి పావుగంట పరుగెత్తి కూలబడ్డాడు. ఉదయం అలిగిన ఇద్దరూ అతనికి నీళ్ళు తెచ్చారు. మరునాటికి ఆ స్థలంలో మోటారు సైకిళ్ళు నిలిపి ఉన్నాయి.

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. వాహనాలకు వేరుచోటు చూపించి, రెండు బంతులు, రెండు జతల గోలు స్తంభాలు ఇప్పించండి. వారంలో రెండు సాయంత్రాలు బాలికలకు కేటాయించండి. గోడ ఇప్పటికే ఉన్నది.