మూడవ తీగ ఏమైనది?

"అయ్యవారూ, కారు షెడ్డుకు ఎర్తు ఎందుకండీ? ఒక్క బల్బే కదా! రెండు తీగలు చాలు."

పదేండ్ల క్రిందట గూడూరులో మా యింటికి వచ్చిన ఎలక్ట్రీషియను అన్న మాట యిది. జీవితమంతా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన నేను, విద్యుత్ శాస్త్రం కూడా తెలిసినవానివలె తల ఊపాను. ఆ తల ఊపుటే నా నేరం. కనుక ఈ వ్యాసంలో మొదటి నింద నాకే. తక్కినది ఆ మాట చెప్పే వారందరికీ, విని ఊరకుండే వారందరికీ.

బల్బు కోసమని పెరటిగోడ మీదుగా లాగిన ఆ రెండు తీగలకు కొన్నాళ్ళకు ఫ్యాను తోడైంది. ఆపై కారు కడిగే మోటారు. ఆపై మా అబ్బాయి కొన్న ఎలక్ట్రిక్ స్కూటరు. బరువు పెరిగింది గాని తీగ మారలేదు. ఒక కార్తికమాసపు వానలో, మా యింట పనిచేసే అమ్మాయి తడికాళ్ళతో షెడ్డు షట్టరు ఎత్తబోయి కెవ్వున అరచి వెనక్కు పడిపోయింది. చట్రాన్ని ఒరుసుకొని పోయే తీగ పైతొడుగు అరిగి, ఇనుమంతటా కరెంటు నిండి ఉన్నది. చేతి పట్టు విడిపోయింది గనుక బ్రతికింది. ఆమెకు ఇద్దరు బిడ్డలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"బోర్డులో ఎం.సి.బి. ఉన్నది కదా, భయమేమి?" అంటారు. మా బోర్డులోనూ ఉన్నది. అది కదలలేదు. కదలదు కూడా. ఎం.సి.బి. కాపాడేది తీగను, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఆ హద్దు దాటితేనే పడిపోతుంది. మనిషి ప్రాణానికి ముప్పు తేవడానికి అందులో ఐదువందలవ వంతు, అంటే సుమారు 30 మిల్లీ ఆంపియర్లు చాలు. ఆ స్వల్పపు కారుటను పసిగట్టేది ఆర్.సి.సి.బి. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అని అది త్రాసువలె తూచుతూ ఉంటుంది. తేడా రాగానే క్షణంలో సరఫరా తెంచుతుంది. దానికి తోడు ఆకుపచ్చని ఎర్తు తీగ ఇనుప చట్రానికి కలిపి ఉంటే, ఎవరూ తాకకముందే దోషం బయటపడుతుంది. ఎర్తు లేనిచోట మాత్రం, దోషం ఉన్నదని కనుగొనడానికి ఒక మనిషి దేహం కావలసి వస్తుంది. ఇంతకంటె ఘోరమైన పరీక్ష ఉన్నదా?

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను ఎందుకు లావుగా, పొడవుగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? తక్కిన రెండూ తగులక ముందే భూమితో సంబంధం కలవాలని. రక్షణ ముందు, శక్తి తరువాత అని ఆ చిన్న ఇత్తడి ముక్క చెబుతున్నది. మనమో, దానిని విరిచివేసి రెండు రంధ్రాల బోర్డులో గుచ్చుతాము!

మన గూడూరు సీమకు ఇది మరీ సిగ్గుచేటు. గూడూరు, సైదాపురం పరిసరాలలో త్రవ్విన అభ్రకం దేశదేశాలకు పోయింది. ఎందుకు? కరెంటును అడ్డుకొని మనిషిని కాపాడే గుణం దానికి ఉన్నది గనుక. ఇస్త్రీపెట్టెలో వేడితీగను చుట్టి ఉంచేది అభ్రకపు రేకే. లోకానికి రక్షణ కవచం అందించిన ఊరిలో, మన పెరటి షెడ్డుకు టేపు చుట్టిన అతుకులా?

ఇపుడు ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. ఇంటి 16 ఆంపియర్ల ప్లగ్గుతో నింపే కారు సుమారు 14 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. బల్బు కోసం వేసిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్ల దూరం పోయి ఉంటే, ఆ తీగలోనే దాదాపు 95 వాట్లు వేడిగా వృథా అవుతాయి. వదులుగా మెలిపెట్టిన అతుకు ఉంటే వేడి అక్కడ ఇంకా పోగవుతుంది. సంధి తెలియక పదాలు కలిపితే అపశబ్దం పుడుతుంది, తీగలు కలిపితే అగ్ని పుడుతుంది.

"ఖర్చండీ!" అంటారు. గేటు మీద సింహాలకు లేని ఖర్చు, వాకిట గ్రానైటుకు లేని ఖర్చు, ఒక్క ఆకుపచ్చ తీగ దగ్గర ఎలా గుర్తుకు వస్తుంది? షెడ్డుకు మెయిన్ బోర్డు నుండి విడిగా ఒక లైను లాగించండి. బరువునుబట్టి నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించండి. భూమిలో పోయేదైతే ఆర్మర్డ్ కేబులును రెండున్నర అడుగుల లోతున వేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించి, నెలకొకసారి దాని మీది పరీక్ష మీట నొక్కి చూడండి. మన ఎండలకు నేల బీటలు వారుతుంది గనుక వేసవిలో ఎర్తు గుంటలో నీరు పోయండి. లైసెన్సు గలవాని చేతనే పని చేయించండి.

ఆ అమ్మాయి మరల మా యింట పనికి వస్తున్నది. షట్టరు మాత్రం తాకదు. మూడవ తీగ వేయించాను, ఆర్.సి.సి.బి. పెట్టించాను, ఇక ఏమీ కాదమ్మా అని చెప్పాను. తల ఊపింది, దగ్గరకు మాత్రం రాలేదు. ఆ భయానికి నేను బాధ్యుడిని.

ఇంకెవరైనా "రెండు తీగలు చాలు" అంటే, దయచేసి తల ఊపకండి.

స్వస్తి.