పీపాల్లో నిలబెట్టి అమ్మిన రైఫిళ్ళు

అమెరికాలో 1950లు, 60ల్లో హార్డ్‌వేర్ షాపుకెళ్తే మేకుల డబ్బాల పక్కనే ఒక చెక్క పీపా ఉండేదట. దాని నిండా రైఫిళ్ళు, గొట్టాలు పైకి పెట్టి. జర్మన్ మౌజరో, ఇటలీ కార్కానోనో, ఇంగ్లీషువాళ్ళ ఎన్‌ఫీల్డో, నచ్చినదాన్ని పైకి లాగి గొట్టంలోకి ఓ కన్ను పెట్టి చూసుకుని, ఇరవయ్యో ముప్ఫయ్యో డాలర్లు ఇచ్చి చంకన పెట్టుకుని వెళ్ళిపోవడమే. కాయితాల గొడవ కూడా పెద్దగా లేదు.

ఇన్ని తుపాకులు ఎక్కణ్నుంచి వచ్చాయంటారా? రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. ఒక్కో తూటాకీ బోల్టు లాగి తొయ్యాల్సిన రైఫిల్‌కి కాలం చెల్లింది. ట్రిగ్గర్ నొక్కుతూ పోతే తూటాలు వాటంతటవే ఎక్కే రకానికి సైన్యాలు మారుతున్నాయి. దానికి తోడు 1950ల నడుమ నాటో దేశాలన్నీ ఒకే సైజు తూటాకి ఒప్పుకున్నాయి. ఇంకేముంది, గోడౌన్లలో ఉన్న లక్షల కొద్దీ రైఫిళ్ళు కాపలా దండగ సరుకైపోయాయి. సరిగ్గా ఆ సమయానికి దిగాడు శామ్యూల్ కమింగ్స్. 1927లో పుట్టాడు, కుర్రతనంలో కొన్నాళ్ళు సీఐఏలో ఆయుధాల లెక్కలు చూశాడు, 1953లో ఇంటరార్మ్‌కో అని సొంత కంపెనీ పెట్టాడు. దేశదేశాలూ తిరిగి పాత సైనిక సామాను టోకున కొనడం, తెచ్చి వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున అలెగ్జాండ్రియా గోడౌన్లలో దించడం, అదీ ఆయన వ్యాపారం. 1998లో పోయేనాటికి మొనాకోలో కాపురం. పాత ఇనుం బేరం ఎంతవాణ్ణి చేస్తుందో చూడండి.

ఈ తుపాకులు ఎందుకంత చవకో ఇక్కడే తెలిసిపోతుంది. మంచి ఉక్కు, మంచి వాల్‌నట్ కర్ర, రోజుల తరబడి మిషన్ల మీద చేసిన పని. ఆ ఖర్చంతా ఎప్పుడో ఏ దేశం జనమో పన్నుల్లో కట్టేశారు. ఇప్పుడు కొనేవాడు ఇచ్చేది గోడౌన్ ఖాళీ చేసిన కూలీ, ఓడ కిరాయి, మధ్యవాడి లాభం, అంతే. ఎవరికో అడ్డంగా ఉన్నంతకాలమే ఆ ధర. ఈ మాట చెప్తే నా బావమరిది ఒప్పుకోడు. డాలస్ దగ్గర ఉంటాడు, గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదే మొదటి తుపాకీ కొన్నాడు. (వీసా మీద ఉన్నవాళ్ళకి మామూలుగా అక్కడ తుపాకీ అమ్మరు. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉందిగానీ, మనవాళ్ళలో ఆ జోలికి పోయేది తక్కువ.) "ఎవరి పన్నులైతే నాకేంటి బావా, నాకు చవకగా వచ్చిందా లేదా?" అంటాడు.

ఈ చవకకి ఒక నల్ల మచ్చ ఉంది, అది చెప్పకుండా ముందుకెళ్ళలేం. 1963 మార్చిలో షికాగోలోని క్లైన్స్ అనే షాపుకి పోస్టులో ఒక ఆర్డరు వచ్చింది. ఇటలీ సైన్యం వదిలించుకున్న 6.5 మిల్లీమీటర్ల కార్కానో ఒకటి, దాని మీద బిగించిన జపాన్ దూరదర్శిని. వెల 19 డాలర్ల 95 సెంట్లు, పోస్టేజీ డాలరున్నర. ఆర్డరులో పేరు ఎ. హిడెల్. అసలు మనిషి లీ హార్వీ ఆస్వాల్డ్. ఆ నవంబరు 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనడీ చనిపోయింది ఆ రైఫిల్ తూటాలకే. అయిదేళ్ళకి, 1968లో వచ్చిన చట్టం పోస్టులో తుపాకులు తెప్పించుకోవడాన్నీ, బయటి దేశాల పాత సైనిక రైఫిళ్ళ దిగుమతినీ కట్టేసింది. పీపాల కాలం అక్కడితో సరి.

తలుపు మళ్ళీ తెరుచుకున్నది 1980ల్లో. యాభై ఏళ్ళు దాటిన రైఫిళ్ళని పురాతన వస్తువుల కింద లెక్కేసి రానిచ్చారు. వాటిని పోగుచేసేవాళ్ళకి ఒక లైసెన్సు కూడా ఉంది. మూడేళ్ళకి 30 డాలర్లు కడితే తుపాకీ నేరుగా ఇంటి గుమ్మానికే వస్తుంది. తర్వాత సోవియట్ యూనియన్ కూలింది. అప్పుడొచ్చాడండీ అసలు హీరో, మోసిన్ నాగాన్.

రష్యావాళ్ళు 1891లో తీసుకున్న రైఫిల్ అది. 1930లో కొంచెం మార్చి 91/30 అన్నారు. అన్ని రకాలూ కలిపి మూడున్నర కోట్లకి పైమాటే తయారయ్యాయంటారు. జార్ సైనికుడు మోశాడు, లెనిన్ సైనికుడు మోశాడు, స్టాలిన్‌గ్రాడ్‌లో స్నైపర్ జైత్సెవ్ గురిపెట్టింది దీంతోనే. 2000ల్లో అమెరికాలో వంద డాలర్ల లోపు దొరికేది. బాయినెట్టు, సంచి, నూనె డబ్బా, బెల్టు ఊరికే. తూటాలైతే సార్డీన్ చేపల డబ్బాలా సీలు వేసిన రేకు డబ్బాలో 440, చెక్కపెట్టెకి రెండు డబ్బాలు. కుర్రాళ్ళు పిజ్జా డబ్బులు మిగుల్చుకుని పెట్టెలు పెట్టెలు కొన్నారు. మరి ఆశ పుట్టదా? వందేళ్ళ చరిత్ర, పైన కొట్టిన నక్షత్రం ముద్ర, తయారైన ఏడాది. 1942, 43 నాటి దాన్ని చేత్తో తడిమి చూస్తే మిషన్ గీతలు ఇంకా తగుల్తాయి. నునుపు చేసే తీరిక లేదు మరి, జర్మన్లు గుమ్మంలో ఉన్నారు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. తుపాకీ ఇంటికొచ్చింది, పెట్టె తెరిచారు. ముందు కనబడేది తుపాకీ కాదు, గ్రీజు. కాస్మొలీన్ అంటారు. గోధుమరంగు జిడ్డు, ఏళ్ళు గడిచేసరికి మైనంలా గట్టిపడుతుంది. బోల్టులో, స్క్రూల సందుల్లో, కర్ర పొరల్లో కూడా ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎండలో కారు మీద పడుకోబెట్టేవాళ్ళు కొందరు, మరిగే నీళ్ళు పోసేవాళ్ళు కొందరు. మా బావమరిది ఆవిరితో బట్టలు ఇస్త్రీ చేసే మిషన్ వాడాడు. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో అడక్కండి. అంతా శుభ్రం చేశాక కూడా నాలుగు తూటాలు పేల్చి గొట్టం వేడెక్కితే బోల్టు పట్టేస్తుంది. ఛాంబర్‌లో మిగిలిన పాత గ్రీజు కరిగి, తూటా గొట్టాన్ని అంటుకుంటుంది. అప్పుడు బోల్టు పిడిని అరచేత్తో గుద్దాలి, కొందరైతే చెక్క సుత్తే తీస్తారు. సేఫ్టీ సంగతీ అంతే, వెనకున్న ముడిని లాగి తిప్పాలి. ఆ స్ప్రింగు ఎంత గట్టిదంటే చాలామంది అసలు దాని జోలికే పోరు. గురి కూడా బాయినెట్టు తగిలించి సరిచేసింది. బాయినెట్టు తీసేస్తే తూటా వేరేచోట పడుతుంది.

ఇవన్నీ సరదా ఇబ్బందులే. అసలు దెబ్బ కొట్టేది ఆ డబ్బా తూటాలు. పాత సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో, అంటే నిప్పు పుట్టించే మందులో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. ఏళ్ళ తరబడి పాడవదు, అందుకే సైన్యాలకి ఇష్టం. పేలినప్పుడు మాత్రం గొట్టంలో ఒక రకం ఉప్పు వదుల్తుంది. ఉప్పు గాల్లో తేమని లాగుతుంది. నూనెతో తుడిచి మురిసిపోతే లాభం లేదు, ఉప్పు నూనెలో కరగదు కదా. నీళ్ళతోనే కడగాలి, వేడినీళ్ళయితే మరీ మంచిది, ఆరబెట్టి అప్పుడు నూనె. అదీ అదే రోజు. సాయంత్రం అలసిపోయి రేపు చూద్దాంలే అనుకున్నామా, వారానికల్లా గొట్టం లోపల ఎర్రగా పూస్తుంది. వంద డాలర్ల రైఫిల్ కొన్నవాడు జీవితాంతం దానికి స్నానాలు చేయించాలన్నమాట.

ప్రాణానికే ముప్పు తెచ్చేవీ ఉన్నాయి, వాటిని నవ్వులాటగా తీసుకోకూడదు. ఎస్‌కేఎస్ అని సోవియట్ రైఫిల్ ఉంది, చైనావాళ్ళూ చేశారు. చాలావాటిలో ఫైరింగ్ పిన్‌కి స్ప్రింగు ఉండదు, వదులుగా ముందుకీ వెనక్కీ కదులుతూ ఉంటుంది. గ్రీజు సరిగా తియ్యకపోతే పిన్ ముందుకొచ్చి ఇరుక్కుపోతుంది. ఇక తూటా ఎక్కీ ఎక్కగానే పేలడమే, మనం ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోయినా మేగజైన్ ఖాళీ అయ్యేదాకా ఆగదు. అమెరికావాళ్ళ సొంత స్ప్రింగ్‌ఫీల్డ్ 1903కి ఇంకో కథ. స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో చేసినవాటిలో 8,00,000 లోపు నంబరున్నవి అనుమానపు సరుకు. అప్పట్లో ఉక్కు కాల్చిన రంగుని పనివాళ్ళు కంటితోనే అంచనా వేసేవారు. అతిగా కాలినవి పెళుసుబారాయి, కొన్ని పేలిపోయాయి కూడా. పాత రైఫిల్‌కి వేరేదాని బోల్టు తగిలించి అమ్మడం కూడా మామూలే. బోల్టుకీ తూటాకీ మధ్య ఉండాల్సిన సందు కొంచెం పెరిగినా వేడి గ్యాసు మొహం మీదకే. ఒక చిన్న గేజీ పెట్టి చూస్తే తెలిసిపోయే విషయానికి కళ్ళు పణంగా పెట్టడం ఏం తెలివి చెప్పండి?

మంచి సరుకు లేదని కాదు నా మాట. స్విట్జర్లాండు వాళ్ళ కె31 చూస్తే గడియారాలవాళ్ళు తుపాకీ చేస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది. బోల్టు తిప్పక్కర్లేదు, సూటిగా లాగి తొయ్యడమే. దాని మడమ దగ్గరున్న ఇనప రేకు విప్పితే కొన్నింట్లో చిన్న కాయితం ఉంటుంది. ఆ తుపాకీ మోసిన సైనికుడి పేరు, యూనిట్టు, ఒక్కోసారి ఇంటి అడ్రసు కూడా. అమెరికాలో కొన్నవాళ్ళు కొందరు ఆ పేరు పట్టుకుని ఉత్తరాలు రాశారు, ముసలాయన దగ్గర్నుంచి జవాబులూ వచ్చాయి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చేది అదే. షాపులో కొత్తగా కొన్న తుపాకీకి ఆ కాయితం ఎక్కణ్నుంచి వస్తుంది?

మన సరుకూ అమెరికా గన్ షోల టేబుళ్ళ మీద ఉంటుందండోయ్. బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఉందిగా, అక్కడ బ్రిటిష్ కాలం నుంచీ .303 ఎన్‌ఫీల్డ్ చేశారు. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్ళకి త్రీ నాట్ త్రీ బరువు భుజానికి ఇంకా గుర్తుండే ఉంటుంది. మన వాతావరణానికి కర్ర పగలకుండా ముందుభాగంలో అడ్డంగా ఒక స్క్రూ బిగించేవారు. అమెరికాలో సేకరించేవాళ్ళు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. 1962 చైనా యుద్ధం తర్వాత అదే ఎన్‌ఫీల్డ్‌ని నాటో తూటాకి మార్చి చేసిన 2ఎ, 2ఎ1 రకాలకి అక్కడ మంచి పేరుంది. ఇంకోటుంది, .410 మస్కెట్. .303ని లోపల నున్నగా చెరిపి, ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టేలా చేసి పోలీసులకీ కాపలావాళ్ళకీ ఇచ్చారు. రేపు ఆ తుపాకీ జనం చేతిలో పడినా దొరలకి పెద్ద ముప్పు ఉండకూడదు! అది చూసి మామూలు .410 షాట్‌గన్ అనుకుని కొన్న అమెరికావాడు తెల్లమొహం వేస్తాడు, ఆ తూటా వేరు.

మనకైతే ఇక్కడ ఆ సరదా తీరే దారి లేదు. సైన్యం, పోలీసులు వాడే .303 లాంటి బోర్లు మామూలు జనానికి నిషేధం. లైసెన్సున్నవాడు కొనుక్కునేది .315 స్పోర్టింగ్ రైఫిల్. తమాషా ఏంటంటే లోపల చూస్తే అదీ ఎన్‌ఫీల్డ్ తమ్ముడే, తూటా మాత్రం వేరు, సర్కారు తూటా అందులో పట్టకుండా. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డేకి .303ని సాగనంపారు. 2008లో ముంబయి స్టేషన్‌లో ఉగ్రవాదుల కలాష్నికోవ్‌ల ముందు అదే .303 పట్టుకుని నిలబడ్డ పోలీసుల్ని తలుచుకుంటే, పాత తుపాకీ మీద మోజు నాకు సగం దిగిపోతుంది. సరదాగా ఆదివారం పేల్చడం వేరు, డ్యూటీకి అదే ఇవ్వడం వేరు.

ఇక ఇప్పటి ధరలు అడుగుతారా? గోడౌన్లు ఖాళీ అయ్యాయి. చైనా తుపాకుల దిగుమతిని అమెరికా 1994లోనే ఆపేసింది. 2021లో రష్యా తూటాల పర్మిట్లూ ఆపింది. అప్పటి వంద డాలర్ల మోసిన్ ఇప్పుడు మూడు నాలుగు వందలు. ఒకప్పుడు పిడికెళ్ళతో కాల్చిన తూటాలు ఇప్పుడు లెక్కపెట్టుకుని కాలుస్తున్నారు. అంత పెట్టేవాడికి అదే షాపులో కొత్త వేట రైఫిల్ వస్తుంది. గురి బాగుంటుంది, టెలిస్కోపు తేలిగ్గా బిగుస్తుంది, స్నానాలు అక్కర్లేదు. జింక వేటకే కావాలంటే నేను కొత్తదే కొనమంటాను. 1960ల్లో మౌజర్ల కర్రలు కోసి, గొట్టాలు కత్తిరించి వేట తుపాకులు చేసుకున్నవాళ్ళు ఇప్పుడు వాటి ధర విని తల పట్టుకుంటున్నారు. ముట్టుకోకుండా ఉంచినదానికి అంతకి ఎన్నో రెట్లు వస్తుంది.

అయినా పాతదే కావాలి అంటే, అక్కడున్న మనవాళ్ళకి ఒక్క మాట. గన్ షోకి వెళ్ళేటప్పుడు చిన్న టార్చి జేబులో వేసుకోండి. బోల్టు తీయించి వెనక నుంచి వెలుతురు పెట్టి గొట్టంలో గాడులు పదునుగా ఉన్నాయో, తుప్పు తిన్న గుంటలున్నాయో చూడండి. బోల్టు మీద నంబరు, తుపాకీ మీద నంబరు కలిశాయా చూడండి. కలిసినా మురిసిపోకండి, సోవియట్ డిపోల్లో పాత నంబరు కొట్టేసి కొత్తది వేసినవి బోలెడు. డీపీ అని అక్షరాలుంటే అది డ్రిల్లు తుపాకీ, గోడకి తగిలించుకోవడానికే. అమ్మేవాడు బోల్టు తియ్యనివ్వనన్నాడా, పక్క టేబుల్‌కి నడవండి.