శాఖలుగల కంపెనీలు – ఒంటరి సంఘములు

"కంపెనీవారి మనుష్యుడు మన సంఘముకంటె క్వింటాలునకు నూఱు రూపాయలెక్కువ యిచ్చుచున్నాడు. మిరపకాయలను సంఘమునకే యిండని మీరేల కోరుచున్నారు?" అని యొక సభ్యుడు మొన్నటి సమావేశమున మమ్ము నడిగెను. ప్రశ్న న్యాయమైనది. నూఱు రూపాయలు స్వల్పమని మేమనజాలము. కోతకూలియు, ఎరువులకొట్టు బాకీయు ఆగునవి కావు. కాని యా హెచ్చుధర యెచ్చటినుండి వచ్చుచున్నదో, యెంతకాలముండునో విచారింపవలసియున్నది.

పలుచోట్ల శాఖలుగల వర్తకుడు గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ఎనుమాముల యార్డులయందును, కర్ణాటకములోని బ్యాడగియందును తన మనుష్యుల నుంచుకొనును. ప్రొద్దుననే నాలుగుచోట్లకు వచ్చిన సరకెంతయో, ధర యెంతయో అతనికి ఫోనుమీద తెలియును. సరకు వెల్లువగా వచ్చి ధర పడినచోట కొనును. తక్కువగా వచ్చినచోట చేయి ముడుచుకొనును. ఒకచోట తేమగల కాయలు కొని నష్టపడెనేని, ఆ పాఠము మఱునాడే తక్కిన మూడుచోట్ల నాచరణలోనికి వచ్చును. ఇది తప్పు కాదు, నేర్పు. రైతు మాత్రము తన బస్తాలను ఒక లారీకెత్తి ఒక యార్డునకే చేరును. అచటి ధర నచ్చకున్నను, మరల కిరాయి భరించి ఇంటికి తెచ్చుకొనలేడు.

శాఖలవలన మఱియొక బలము గలదు. ఒకచోటి నష్టమును వేఱొకచోటి లాభముతో పూడ్చుకొనవచ్చును. అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పోటీగల యూళ్లలో కిరసనాయిలును చౌకగా నమ్మి, పోటీలేని యూళ్లలో ధర హెచ్చించుచున్నదని నింద మోసినది. ఆ కంపెనీని విడదీయవలసినదని 1911లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పోటీని దెబ్బతీయునట్లుగా ఒకే సరకును వేర్వేఱు కొనుగోలుదారులకు వేర్వేఱు ధరల నమ్మరాదని 1914లో క్లేటన్ చట్టము శాసించెను. అచట అమ్మకమున వచ్చిన చిక్కు ఇచట కొనుగోలున రారాదా? సంఘమున్న ఒక గ్రామమున నూఱు రూపాయలు హెచ్చుగా నిచ్చి, సంఘములేని పది గ్రామములలో పదేసి రూపాయలు తగ్గించినచో కంపెనీ లెక్క సరిపోవును. సంఘము మూతపడిన పిమ్మట ఆ నూఱును పోవును.

అట్టి కంపెనీలు రెండున్నచో పోటీవలన ధర తానే పెరుగునని కొందఱందురు. ఒక్కొకప్పుడు పెరుగును. కాని యిద్దఱు రైతుల పొలములు పదిగట్లయొద్ద కలిసియుండెనేని, ఒక గట్టు తగవు తక్కిన తొమ్మిదింటికి ప్రాకునని యిద్దఱును జంకుదురు గదా! కంపెనీలును అంతియే. ఇచట నేను ధర పెంచిన, నాకు లాభముగల చోట అతడు పెంచునని యెంచి, ఒప్పందము లేకయే ఊరకుండును. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త కార్విన్ ఎడ్వర్డ్సు 1955లోనే దీనిని ఎత్తిచూపెను.

ఐన నేమి చేయవలయును? గుజరాతమున ఖేడా జిల్లా పాడిరైతులకును ఇట్టి కష్టమే కలిగెను. అచట పాల కొనుగోలున పోల్సన్ సంస్థదే పైచేయిగ నుండెను. 1946 జనవరిలో రైతులు సమర్ఖా గ్రామమున సమావేశమై, పదునైదు దినములు పాలు పోయుట మానిరి. ఆ యేడే డిసెంబరు 14వ తేదీని, త్రిభువనదాసు పటేలుగారి నాయకత్వమున వారి జిల్లా యూనియను రిజిష్టరయ్యెను. పిదప ఇతర జిల్లాలలోను యూనియనులు లేచినవి. తమలో తాము పోటీపడినచో లాభము మూడవవానికని గ్రహించి, 1973లో అవి యన్నియు ఒక సమాఖ్యగా నేర్పడినవి. పాలసేకరణ ఊరూర జరుగును. అమ్మకము అమూల్ అను ఒక్క పేరిట సాగును. శాఖలుగల కంపెనీ కెదురుగ నిలువదగినది శాఖలుగల సంఘమే.

ఐతే పేరునకు సమాఖ్య యున్న చాలదు. ప్రతి సంఘమును ఆనాటి ధరను, వచ్చిన సరకును, తిరస్కరింపబడిన బస్తాలను, అందుకు గల కారణమును వ్రాసి పొరుగు సంఘములకు ప్రతిదినమును తెలుపవలయును. మన పొరపాటు పొరుగువారికి తెలిసిన చులకనయగుదుమను అభిమానమును విడువవలయును. కంపెనీ శాఖలు తమ నష్టములను దాచుకొనవు; మనమేల దాచుకొనవలయును? సంఘము తనవంతుగా సరిగా తూచి, సొమ్మును జాగుచేయక చెల్లింపవలయును. ఆ రెండును జరుగనిచో సభ్యుని నిందించు హక్కు మాకు లేదు.

మమ్మడిగిన సభ్యునకు మా ప్రత్యుత్తరమిది: అప్పు తీర్చుటకు కావలసినంత పంటను మీకు మేలైన చోట నమ్ముకొనుడు. తక్కినది సంఘమునకు పోయుడు. వచ్చే యేటను కంపెనీవాడు నూఱు రూపాయలు హెచ్చుగా నిచ్చునట్లు చేయునది, మీ సంఘము బ్రతికియుండుటయే.