మాగాయ ఊట ఎక్కడిది?

పిల్లలూ! వేసవిలో మీ ఇంట్లో మాగాయ పెట్టడం చూసే ఉంటారు. పుల్లమామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేస్తారు. చుక్క నీరు తగలనివ్వరు. తడిచెయ్యి పెడితే బామ్మ ఊరుకోదు. అయినా మూడోనాడు మూత తీస్తే ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి! ఎవరూ పొయ్యని నీరు ఎక్కడినుంచి వచ్చింది?

ముక్కల్లోనుంచే అని మీరు వెంటనే చెబుతారు. నిజమే. మరి నిన్నటిదాకా కాయలో భద్రంగా ఉన్న నీరు ఉప్పు తగలగానే బయటికెందుకు వచ్చింది?

కాయ కంటికి ఒకే ముద్దలాగా కనిపిస్తుంది కాని, సూక్ష్మదర్శినిలో చూస్తే లక్షలకొద్దీ చిన్న చిన్న గదులు. 1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు సీసా బిరడాకు వాడే బెండును పలచగా కోసి చూసి, ఈ గదులను 'సెల్' అన్నాడు. మనం 'కణం' అంటున్నాం. ఆయన చూసినవి చచ్చిన కణాల ఉత్త గోడలు. బతికి ఉన్న కణంలో గోడకు లోపలివైపున పలచని పొర ఒకటి ఉంటుంది. దాని పేరు కణత్వచం. అటువంటి పొరలు పదివేలు పేర్చితే మీ తలవెంట్రుక మందం అవుతుంది! ఆ పొరలోపల జీవద్రవ్యం, అందులో కేంద్రకం, ఇంకా నీటితో నిండిన ఒక పెద్ద సంచీ ఉంటాయి. ఆ సంచీని రిక్తిక అంటారు. రిక్తం అంటే ఖాళీ. నిండుగా ఉన్నదానికి ఖాళీ అని పేరు పెట్టినవారిని ఏమనాలి! మాగాయ ఊటలో చాలా భాగం ఈ సంచుల్లోదే.

కణత్వచం కొవ్వుపదార్థపు అణువులు రెండు వరసలుగా నిలబడి కట్టిన తడిక. నీరు దానిగుండా అటూ ఇటూ పోగలదు. నీటికోసమే ప్రత్యేకమైన సన్నని దారులు కూడా అందులో ఉన్నాయి. 1992లో పీటర్ ఆగ్రే వాటిని కనిపెట్టి, 2003లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. ఉప్పుకు మాత్రం అంత సులభంగా దారి లేదు. నీటి అణువులు ఎప్పుడూ రెండువైపులకూ పోతూనే ఉంటాయి. అయితే ఉప్పు ఎక్కువగా ఉన్న వైపునుంచి తిరిగి వచ్చేవి తక్కువ. అందుచేత మొత్తంమీద నీరు ఉప్పు ఉన్న వైపుకే చేరుతుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు.

అమ్మనడిగి ఒక బంగాళాదుంప తీసుకోండి. రెండు పలచని బిళ్ళలు కోసి, ఒకటి మంచినీళ్ళలో, ఒకటి బాగా ఉప్పు కలిపిన నీళ్ళలో వెయ్యండి. రెండు గంటల తరవాత వంచి చూడండి. ఒకటి పెళుసుగా విరుగుతుంది, రెండోది తోలులాగా వంగుతుంది. ఉడికించిన దుంపతో ఈ ఆట సాగదు. ఎందుకో చెప్పగలరా? వేడికి పొరలు చెడిపోయాయి గనక!

ఇక పెద్దలు కూడా వినవలసిన సంగతి ఒకటుంది. మన పేగు లోపలి కణాలకూ ఇటువంటి పొరే ఉన్నది. అందులో ఒక చిత్రమైన ద్వారం ఉన్నది. ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది. ఈ ఊహను 1960లో రాబర్ట్ క్రేన్ ప్రేగ్ నగరంలో చెప్పాడు. ఆ రెండూ లోపలికి పోతే నీరు వాటివెంట పోతుంది. కలరా వచ్చినప్పుడు కూడా ఈ ద్వారం మూతపడదు!

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాలులోని బన్‌గాఁవ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకెక్కించే సెలైను చాలలేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు నీళ్ళలో కలిపించి, రోగుల బంధువులచేతనే తాగించాడు. నూటికి 30 మందిదాకా పోతున్న చోట, మరణాలు 4 కంటె తక్కువకు దిగాయి.

విరేచనాలవుతున్న బిడ్డకు నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఇప్పటికీ కొందరు దప్పికతో పడుకోబెడతారు. ఇది చాలా ప్రమాదం. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉంటే దానిమీద రాసినంత నీటిలో కలపండి. లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్న చెంచాతో తలకొట్టి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వెయ్యండి. ఉప్పు ఎక్కువ వేస్తే మేలని అనుకోవద్దు. మామిడిముక్కకు పట్టిన గతే పేగుకూ పడుతుంది. సీసాలలో అమ్మే తియ్యని పానీయాలూ దీనికి బదులు కావు. కొద్దికొద్దిగా, మాటిమాటికీ పట్టండి. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. దారిలో కూడా పడుతూనే ఉండండి. కలిపిన నీళ్ళు ఒక రోజు దాటితే పారబోసి, మళ్ళీ కొత్తగా కలుపుకోవాలి.