‘గాలి’ కాదు, జబ్బు!

మా పక్క ఊళ్లో ఇంటరు చదివే కుర్రాడొకడు ఉన్నట్టుండి కాలేజీ మానేశాడు. గదిలోంచి బయటకు రాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారని అనుమానం. ‘గాలి సోకింది’ అన్నారు పెద్దలు. తాయెత్తులతో, భూతవైద్యంతో ఎనిమిది నెలలు గడిచాయి. చివరకు తల్లి పెట్టే అన్నంలో విషం ఉందని తినడం మానేశాక పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అప్పటికే అరెకరం తాకట్టు పడింది.

ఆ తల్లిదండ్రులను తప్పు పట్టలేం. ఇంట్లో పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంది. ‘పిచ్చివాడి చెల్లెలు’ అంటారని భయపడి దాచారు. అలా అనేది మనమే కదా!

డాక్టర్లు దీన్ని సైకోసిస్ అంటారు. ఎక్కువగా పడుచు వయసులోనే మొదలవుతుంది. వైద్యం ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. అందుకే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1992లోనే, తొలిదశలో ఉన్న యువకుల కోసం ప్రత్యేక కేంద్రం తెరిచారు. మన పక్కన చెన్నైలో స్కార్ఫ్ సంస్థ కూడా ఇలాంటి సేవలు అందిస్తోంది.

నిద్ర చెడడం, నలుగురిలోకి రాకపోవడం, చదువులో వెనకబడడం, లేని మాటలు వినిపించడం, అకారణంగా అనుమానించడం గమనించవలసిన గుర్తులు. ఇవి కనిపించిన వారందరికీ జబ్బు వస్తుందని కాదు. ముందే చూపిస్తే చాలామందికి ధైర్యం చెప్పి, ఇంటివారికి నచ్చజెప్పి, కనిపెట్టి ఉంటే సరిపోవచ్చు. మందులు అవసరమా కాదా అన్నది డాక్టరు తేలుస్తారు. గంజాయి అలవాటు మాత్రం ఈ ముప్పును పెంచుతుంది. రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. 2022లో ప్రారంభమైన టెలీమానస్‌కు 14416 నంబరుపై రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఈ సంగతి ఊళ్లలో ఎందరికి తెలుసు? ఆ నంబరును పంచాయతీ గోడ మీద, కాలేజీ గేటు మీద రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వారానికో రోజయినా మానసిక వైద్యుడు మండల ఆసుపత్రికి వచ్చేలా, ఆశా కార్యకర్తలు ఈ గుర్తులు పసిగట్టేలా అధికారులు చర్య తీసుకోవాలి.

మిరపకు ముడత కనిపిస్తే ఆ సాయంత్రమే మందు కోసం పరుగెత్తుతాం. కన్నబిడ్డ ముడుచుకుపోతుంటే నెలల తరబడి చూస్తూ కూర్చోవడం న్యాయమా?